మల్లయ్య మూయని కన్నం

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ మల్లయ్య గురించి చెప్పాలంటే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే న్యాయం కాదు. నేను అనుమానం మనిషిని. పాల ప్యాకెట్టు గుమ్మంలో పెట్టి వెళ్తే దాన్ని రెండువైపులా తిప్పి చూసిగానీ లోపలికి తీసుకోను. కూరలబ్బాయి ఒక వంకాయ కొసరేస్తే, ఇవాళ వీడికి ఏం పుట్టిందీ అని సాయంత్రం దాకా ఆలోచిస్తాను. మా వారు బుల్లిబాబు గారు పెళ్ళైన కొత్తలో నవ్వేవారు. తర్వాత తర్వాత ఆయనకీ అంటుకుంది.

మేం కోనసీమ వాళ్ళం, ముమ్మిడివరం దగ్గర. మా వారి ఉద్యోగం సచివాలయంలో. రెండువేల ఏడులో నానక్‌రామ్‌గూడ ఊరి చివర ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు కొనుక్కున్నాం. అప్పుడు మా వెనక అంతా బండరాళ్ళు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు. ఆ తర్వాత అద్దాల టవర్లు మొదలయ్యాయి. రోజూ మధ్యాహ్నం సైరన్ కూసేది, ఆ వెంటనే రాయి పేలేది, మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ బండల్లో ఉన్న జీవాలన్నీ ఎక్కడికి పోతాయి? ఎండాకాలం చివరికొచ్చేసరికి అటు నీడా లేదు, ఇటు చుక్క నీళ్ళూ లేవు. అన్నీ మా మీదే పడేవి. పందికొక్కులు, కోతులు, తేళ్ళు, పాములు. పావురాల సంగతి సరేసరి.

వాటన్నిటికీ మాకూ మధ్య మల్లయ్య ఒక్కడే ఉండేవాడు. పాలమూరు మనిషి, మక్తల్ దగ్గర పల్లె. మా బిల్డింగు కడుతున్నప్పుడు కూలికొచ్చి, ఇటుకలు మోసి, అది పూర్తయ్యాక వాచ్‌మన్‌గా ఉండిపోయాడు. ఏ గోడలో ఏ పైపు ఎటు పోతుందో, ప్లంబర్లు ఏ కన్నం పూడ్చకుండా బద్ధకించి వదిలేశారో, అన్నీ ఆయనకి తెలుసు. గేటు కింద సందులో పాత టైరు ట్యూబు కోసి మేకులు కొట్టాడు, పాము దూరకుండా. పందికొక్కు బొరియలో పగిలిన సీసా పెంకులు కుక్కి పైన సిమెంటు వేసేవాడు. నీళ్ళ ట్యాంకు మూత మీద కోతులు లేపలేనంత రాయి పెట్టేవాడు. ఇవన్నీ ఎవరూ చెప్పి చేయించిన పనులు కావు.

ఆయన పద్ధతి ఒకటుంది. ఎక్కడ ఏది దూరుతోందన్నా ముందు మందు పెట్టడు, ఉచ్చు పెట్టడు. సాయంత్రం పూట అక్కడ పల్చగా ముగ్గుపిండి చల్లి వెళ్ళిపోతాడు. పొద్దున్నే వచ్చి గొంతుకూర్చుని ఆ పిండి మీద పడ్డ అడుగులు చూస్తాడు. ఏ జీవమో, ఎన్నో, ఎటు పోయిందో చెప్పేస్తాడు. తర్వాత పిండి ఊడ్చేసి పని మొదలెడతాడు.

ఆయన భార్య కొమురమ్మ మా ఇంట్లోనూ మరో రెండిళ్ళల్లోనూ అంట్లు తోమేది. కూతురు అఖిల నానక్‌రామ్‌గూడ సర్కారు బడిలో తొమ్మిది పాసై పదిలోకి వచ్చింది. వాళ్ళ వంశంలో పదో తరగతి మొహం చూడబోయే మొదటి మనిషి. ఈ ముగ్గురికీ సెల్లార్లో మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన ఒక గది. ఆ గది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగం పోతే పోతుంది.

అది రెండువేల పద్నాలుగు. ఓట్లు వేసేశాం, జూన్ రెండున కొత్త రాష్ట్రం అని తేలిపోయింది. మా వారి ఆఫీసులో ఆప్షన్లు, స్థానికత, ఎవరుంటారు, ఎవరు పోతారు, ఇవే మాటలు. పాతికేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న మనిషి కూడా, మీరెప్పుడెళ్తున్నారు బుల్లిబాబు గారూ అని అడిగాడట. మామూలుగానే అడిగాడో, వెటకారంగా అడిగాడో తేల్చుకోలేక ఈయన రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. నా సంగతి చెప్పేదేముంది. ఎవరు గొంతు తగ్గించి మాట్లాడినా మా గురించే అనిపించేది.

మల్లయ్య మీద నాకు అదివరకే ఒక కన్నుంది. మూడేళ్ళ కిందట సమ్మె రోజుల్లో ఒకసారి సెలవడిగి ఊరేగింపుకి వెళ్ళాడు. ఒంట్లో బాలేదనో, ఊళ్ళో పనుందనో చెప్పి వెళ్ళొచ్చుగా? "జై తెలంగాణ ఊరేగింపుకు పోతున్న సార్" అని మొహం మీదే చెప్పి వెళ్ళాడు. అబద్ధం ఆడని మనిషి ఇంకేం దాస్తున్నాడో అని నా బెంగ. అలా ఉండేది నా బుర్ర.

ఆ ఏప్రిల్లో సెల్లార్లోకి జెర్రిపోతు వచ్చింది. బారెడు పైనే ఉంది. మల్లయ్య అడ్డం నిలబడి, "దానికి విషం లేదు, ఎలుకల్ని తినేదే, జర జరగండ్రి, అదే పోతది" అని బతిమాలాడు. నేను మెట్ల మీద నిలబడి చంపండి చంపండి అని గొంతు చించుకున్నాను. డ్రైవర్లు కర్రలతో కొట్టి చంపారు. "మా గుమ్మంలోకి ఏదొచ్చినా ఇంతే, విషం పెట్టిస్తాను" అని అందరి ముందూ అన్నాను కూడా. మల్లయ్య దాన్ని కర్ర మీద వేసుకుని వెనక్కి తీసుకెళ్ళి గుంట తీసి పూడ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి నాతో మాటలు తగ్గించాడు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

మే నెలలో మా బాత్రూమ్ పైన అటక మీద చప్పుళ్ళు మొదలయ్యాయి. దీపాలు పెట్టే వేళకి ఏదో బరువుగా కదిలి వెళ్ళేది, తెల్లారగట్ల మళ్ళీ వచ్చేది. బాత్రూములో అదో రకం వాసన, అన్నం మాడినట్టు. అటకకి చెక్క తలుపుంది గానీ తీయడానికి నాకు ధైర్యం చాల్లేదు. మల్లయ్యని పిలిచాను.

"ఎప్పటిసంది అమ్మా?" అన్నాడు.

"నాలుగు రోజులైంది. ఎలుకలే అయ్యుంటాయి. మందు పెట్టెయ్."

"మందు వద్దమ్మా. ఏందో చూసినంక చెప్త."

స్టూలెక్కి అటక తలుపు బెత్తెడు తీసి, ముక్కు పెట్టి వాసన చూసి, వెంటనే మూసేశాడు. మా బాత్రూముల వెనక పైపులు పోయే సందుంటుంది, డక్టు అంటారు. సాయంత్రం ఆ డక్టు గట్టు మీద ముగ్గుపిండి చల్లాడు. మర్నాడు, మే పన్నెండు, పొద్దున్నే వచ్చి చాలాసేపు చూశాడు. డక్టులోంచి మా అటకలోకి మూడు కన్నాలున్నాయట. రెంటికి సిమెంటు పెట్టాడు. మూడోది, అన్నిటికన్నా పెద్దది, నా తలకాయ పట్టేంత ఉంది, దాన్ని అలాగే వదిలేసి తాపీ కడుక్కుంటున్నాడు.

"అది మూయవా?"

"అదొక్కటి ఉండనీయుండ్రి అమ్మా."

"ఎందుకు? లోపల ఏముంది?"

మల్లయ్య నా వైపు చూడలేదు. తాపీ వైపే చూస్తూ, "ఏం లేదమ్మా. ఒక ఇరవై ఒక్క రోజు ఉండనీయుండ్రి. తర్వాత నేనే మూస్త. అందాంక అటక తలుపు తియ్యకుండ్రి" అన్నాడు.

ఆయన వెళ్ళాక నేను క్యాలెండరు ముందు నిలబడ్డాను. ఇరవై రోజులు కాదు, నెల కాదు, ఇరవై ఒక్క రోజులేమిటి? పన్నెండో తారీఖు మీద వేలు పెట్టి ఒక్కో గడీ దాటించుకుంటూ వెళ్ళాను. వేలు జూన్ రెండు మీద ఆగింది.

కొత్త రాష్ట్రం వచ్చే రోజు దాకా మా ఇంట్లోకి దారి తెరిచి ఉంచుతున్నాడన్నమాట. మా వారు ఆఫీసు నుంచి రాగానే చెప్పాను. "నీ బుర్రకి దణ్ణం పెట్టాలే" అన్నారు. చొక్కా మార్చుకున్నారు, కాఫీ తాగారు, తర్వాత ఆయనే వెళ్ళి క్యాలెండరు ముందు నిలబడి పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. మర్నాడు సాయంత్రం గడియ తెచ్చి బాత్రూము తలుపుకి బయట వైపు బిగించారు.

ఇక అక్కణ్ణుంచి నా కళ్ళు మల్లయ్యని వదిలితే ఒట్టు. రోజూ సాయంత్రం ఏదో గిన్నె మీద గుడ్డ కప్పుకుని డాబా మీదికి వెళ్తున్నాడు, డక్టు పైనుంచి తాడు దింపుతున్నాడు. మెట్ల కింద మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకుంటున్నారు, నేను కనిపిస్తే ఆపేస్తున్నారు. అన్నిటికన్నా నన్ను హడలగొట్టింది ముగ్గుపిండి. మా కిటికీ గట్టు మీద చల్లాడు. మా కింద రెండో అంతస్తులో నర్సాపురం వాళ్ళ గట్టు మీద చల్లాడు. మా పైన అపార్ట్‌మెంటు సెక్రటరీ ఉదయ్ భాస్కర్ వాళ్ళ గట్టు మీద చల్లాడు. తెల్లారేసరికి ఊడ్చేస్తున్నాడు. ఇరవై ఇళ్ళల్లో మూడిళ్ళకే ఈ తెల్లగుర్తులు, మూడూ ఆంధ్రావాళ్ళవే. రెండో తారీఖున ఎవరి ఇళ్ళల్లో పడాలో గుర్తు పెట్టుకుంటున్నారని నాకు అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపించింది. ఆ మూడిళ్ళూ ఒకే డక్టు మీద ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయన్న సంగతి ఏడేళ్ళు ఆ ఇంట్లో కాపరం చేసినదాన్ని, నాకు తట్టలేదు.

ఉదయ్ భాస్కర్ కాకినాడ కుర్రాడు, హైటెక్ సిటీలో పెద్ద కంపెనీలో పని. చదువుకున్నవాడు, నా మాట కొట్టిపారేస్తాడనుకున్నాను. విని మొహం అదోలా పెట్టి, "మా గట్టు మీద కూడా చూశానాంటీ, ఏమిటా అనుకున్నాను" అన్నాడు. ఆదివారం సెల్లార్లో మీటింగు పెట్టాడు.

మల్లయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చూడు మల్లయ్యా, నీ మీద మాకేం కోపం లేదు. ఆ కన్నం ఎందుకు వదిలేశావో చెప్పు, చాలు" అన్నాడు ఉదయ్ భాస్కర్.

మల్లయ్య అందర్నీ ఒక చుట్టు చూసి చివరికి నా మొహం మీద చూపు ఆపాడు. చెప్పబోయి ఆగాడు. అది నేను చూశాను. "జర ఓపిక పట్టుండ్రి సార్. ఇంకో పదిహేను దినాలు. రెండో తారీఖుకు మూసేస్త" అన్నాడు.

రెండో తారీఖు అని ఆయన నోటితోనే రావడంతో ఇక ఎవరూ ఆగలేదు. మొదటి అంతస్తు కిష్టయ్య గారొక్కరే లేచారు. బాలానగర్ ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. "రెండో తారీఖు అంటే గంత పరేషాన్ ఎందుకయ్యా? అది మాకు పండుగ. పండుగనాడు ఎవలన్న కన్నాలల్ల దూరుతరా?" అన్నారు. ఆయన సాయానికే అన్నారు గానీ, ఆ మాట మమ్మల్ని మరింత రెచ్చగొట్టింది. పోలీసులకి చెబుదామని ఒకరన్నారు. అంత రచ్చ వద్దు, ఇరవై ఐదుకల్లా గది ఖాళీ చేస్తే చాలని తీర్మానించారు. అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే.

మర్నాడు కొమురమ్మ అంట్లు తోమడం ఆపి వంటింటి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, అఖిల పదో తరగతి. ఈ ఒక్క ఏడు ఉండనీయుండ్రి. బడి నడిచి పోయేటంత దూరమున్నది. గది పోతే మళ్ల సైటు మీదికే పోవాలె. సైటు కాడ గుడిసెల పిల్ల ఏం సదువుతది?"

"మీ ఆయన్ని నిజం చెప్పమను. ఇప్పుడే ఉదయ్ భాస్కర్‌కి ఫోన్ చేస్తాను" అన్నాను.

కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్తే ఆ పాపం మాకు తాకుతదమ్మా. ఆడపిల్లగల్లోళ్లం. ఆయన చెప్పొద్దన్నడు."

అంటే దీనికీ తెలుసన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే నీ పిల్ల చదువు సంగతి నీ మొగుణ్ణే అడుగు" అన్నాను. ఇవాళ ఆ మాట తలుచుకుంటే నా నాలిక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

ఇరవై ఐదున ట్రాలీ ఆటో వచ్చింది. ఒక మంచం, ఒక ట్రంకు పెట్టె, గ్యాసు పొయ్యి, రెండు బిందెలు. అఖిల పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని సామాను మధ్య కూర్చుంది. మల్లయ్య చివర్లో మూడంతస్తులూ ఎక్కి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"అమ్మా, మేం పోతున్నం. నన్ను ఎట్లన్న అనుకోండ్రి. ఆ కన్నం మాత్రం రెండో తారీఖు దాంక మూయకుండ్రి. గంతే అడుగుతున్న."

పోతూ పోతూ కూడా అదే మాట. జీతం అడగలేదు, ఇంకో చోట పని చూపించమనలేదు. నేను తలుపు వేసి, గంట తిరక్కుండా పురుగుల మందు కంపెనీకి ఫోన్ చేశాను.

ఇరవై ఏడున దీపాలు పెట్టాక ఇద్దరు మనుషులొచ్చారు. ఇనప జాలీ పెట్టి, చుట్టూ సిమెంటు కొట్టి, పావుగంటలో పని ముగించారు. "లోపల ఒకసారి చూడమంటారా మేడమ్?" అని అడిగారు కూడా. అక్కర్లేదు, ముందు మూసెయ్యండి, లోపల ఎలుకలుంటే అవే చస్తాయి అన్నాను. ఆ పూట నాకు అన్నం సయించింది. చాలా రోజుల తర్వాత మా వారితో నవ్వుతూ మాట్లాడాను.

మర్నాడు తెల్లారగట్ల నుంచి డక్టులో ఏదో జాలీని పట్టుకుని పీకుతున్న చప్పుడు. మనిషి అయ్యుంటాడేమోనని ఇద్దరం కర్ర పట్టుకుని బాత్రూము తలుపు బయటే నిలబడ్డాం. మనిషి కాదని కాసేపటికి తెలిసింది. బయటి నుంచి అది ఒక రకంగా మూలుగుతోంది, లోపల అటక మీద నుంచి సన్నగా కీచుకీచుమని జవాబు వస్తోంది. ఎలుకలు చస్తున్నాయన్నాను నేను. మా వారు కర్ర గోడకి చేరేసి వెళ్ళిపోయారు. పగలంతా ఆ కీచులు వినిపించాయి. రెండో రోజు కాస్త తగ్గాయి. మూడో రోజు లోపలి చప్పుడు లేదు, బయట జాలీ పీకే చప్పుడు మాత్రం ఉంది. నాలుగో రోజుకి అదీ లేదు.

జూన్ రెండు వచ్చింది. వీధిలో డప్పులు కొట్టారు, రంగులు చల్లుకున్నారు, టపాకాయలు కాల్చారు. నేను తలుపులన్నీ గడియ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైతే గొలుసు తియ్యకుండా సందులోంచి చూశాను. కిష్టయ్య గారు, చేతిలో మిఠాయి డబ్బా. "తీసుకో అమ్మా, నోరు తీపి చేసుకో. మీరు గూడ గీడోళ్లే" అన్నారు. నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఏ కన్నంలోంచీ ఎవరూ రాలేదు. వచ్చిందల్లా మా ఇంట్లోంచి ఆయన ముక్కుకి తగిలిన వాసన.

"ఏందమ్మా, ఏమన్న సచ్చిందా?" అన్నారు.

మా వారూ ఆయనా కలిసి అటక తలుపు తీశారు. పాత ట్రంకుల వెనక, కొమురమ్మ చీర ముక్క ఒకటి పరిచి ఉంది. డక్టులోంచి లోపలికి తోసినట్టున్నారు. దాని మీద మూడు పిల్లలు, ఒకదాన్ని ఒకటి కరుచుకుని చచ్చిపోయి ఉన్నాయి. పిల్లి కూనలకన్నా కాస్త పొడుగు, ఒంటి మీద నల్లమచ్చలు. పక్కన మట్టిమూకుడు, సాయంత్రాలు తాడుతో దింపిన నీళ్ళు ఇందులోకే కాబోలు, ఎండిపోయి ఉంది. జాలీకి అవతలి వైపు నెత్తురు మరకలు, వెంట్రుకలు. సిమెంటు మీద గీరిన గోళ్ళ గాట్లు.

"మానుపిల్లి, చెట్ల మీద తిరిగేది" అన్నారు కిష్టయ్య గారు. "ఈడ ఈనింది. అయ్యో, తల్లి బయట ఉన్నప్పుడు మూసిన్రు." మూకుడు చేతిలోకి తీసుకుని, "మల్లయ్య ఇరవై ఒక్క రోజు అన్నది గిందుకా? మా దిక్కు ఇంట్ల పిల్లి ఈనినా ఇరవై ఒక్క రోజు కదిలియ్యం. బాలింత గద. ఎన్ని పిల్లలని గూడ ఎవలకు చెప్పం. పిల్లలకు కాళ్లొస్తే తల్లే నోట కరుసుకొని పోతది, అప్పుడు మూస్తం" అన్నారు.

ఆ పట్టింపు మాకు మాత్రం లేదా? నా పురుడప్పుడు ఇరవై ఒకటో రోజు దాకా మా నాన్నే గది గడప తొక్కలేదు. ఎవరు పిలిచినా మా అమ్మ నన్ను బయటికి పంపలేదు. అదంతా మర్చిపోయి నేను క్యాలెండరులో రాజకీయం లెక్కపెట్టాను. అక్కడే బాత్రూము గుమ్మంలో కూలబడి ఏడ్చాను. ఆ పిల్లల కోసమో, మల్లయ్య కోసమో, నా సిగ్గుకోసమో నాకే తెలీదు.

మల్లయ్య ఎక్కడున్నాడో కనుక్కోవడానికి పది రోజులు పైనే పట్టింది. కిష్టయ్య గారే ఆరా తీసి చెప్పారు, మా ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో ఏదో కొత్త టవరు సైటు అని. షేర్ ఆటో ఎక్కి వెళ్ళాను. అప్పటికి స్కూళ్ళు తెరిచి మూడు రోజులైంది. నీలం పట్టాలు కప్పిన గుడిసెల వరస, ఎటు చూసినా దుమ్ము. మల్లయ్య ఇటుకలు పేరుస్తున్నాడు. ఇసుక కుప్ప దగ్గర కొమురమ్మ పార పట్టుకుని ఉంది. ఆమె నింపుతున్న తట్టకి చేతులందిస్తూ నిలబడింది అఖిల.

నన్ను చూసి మల్లయ్య చేతులు దులుపుకుని దగ్గరికొచ్చాడు. "కన్నం మూసిన్రా అమ్మా?" అన్నాడు.

"మూయించాను."

"ఎన్నడు?"

"మీరు వెళ్ళిన రెండో రోజు."

మల్లయ్య తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఒక్క మాట నాతో చెప్పుంటే సరిపోయేది కదా మల్లయ్యా" అన్నాను. తప్పు ఇంకా కొంచెం ఆయన మీదికి నెట్టాలనే చూస్తున్నాను, చూడండి.

"చెప్తే ఉండనిస్తుంటిరా అమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

ఉండనిచ్చేదాన్ని అనబోయాను. ఏప్రిల్లో మెట్ల మీద నిలబడి నేను అరిచిన అరుపులు ఆయనా విన్నాడు, నేనూ విన్నాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం అనుమానించాం. నాది పచ్చి అబద్ధం, ఆయనది అక్షరాలా నిజం. తల దించుకున్నాను.

"మళ్ళీ వచ్చెయ్యండి. ఉదయ్ భాస్కర్‌తో నేను మాట్లాడతాను, తప్పు నాదని అందరి ముందూ చెబుతాను. ఆ గది మీకే ఇప్పిస్తాను" అన్నాను.

"గదిల ఎవలన్న వచ్చిన్రా?"

"వచ్చారు. కొత్త వాచ్‌మన్, ఇద్దరు పిల్లలు. వాళ్ళకి చెప్పి ఖాళీ చేయిస్తాం."

మల్లయ్య నా మొహంలోకి చూశాడు. "ఆళ్లు ఎటు పోవాలమ్మా?" అని, మేస్త్రీ కేకేస్తుంటే ఇటుకల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను కొమురమ్మ దగ్గరికి వెళ్ళాను. "పోనీ అఖిలని నా దగ్గర ఉంచు. ఈ ఒక్క ఏడాదీ. మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. బడికి పంపిస్తాను, అన్నం పెడతాను, పరీక్షలయ్యాక తీసుకెళ్దువు గాని." మనస్ఫూర్తిగానే అడిగాను. నా జన్మలో వెనకా ముందూ ఆలోచించకుండా అన్న మాట అదొక్కటే.

కొమురమ్మ పార నేలకి ఆనించింది. నన్ను ఎగాదిగా చూసింది. నేను పాల ప్యాకెట్టుని చూసే చూపు అది, నాకు బాగా తెలుసు.

"మీ ఇంట్ల ఒక గిన్నె కనబడకపోతే ముందు ఎవలను అడుగుతరమ్మా?" అంది.

నా చూపు అఖిల మీదికి పోయింది.

"అందుకే" అంది కొమురమ్మ. "సదువు పోతే పోయె. పిల్ల మీద మాట వస్తే నేను ఓర్సలేను."

అఖిల అంతా వింటూనే ఉంది. ఒకసారి నా వైపు, ఒకసారి వాళ్ళమ్మ వైపు చూసింది. తర్వాత వంగి, నిండిన తట్ట నెత్తికెత్తుకుని నడిచింది.